ఇంట్లో కిటికీ దగ్గర చిన్న టమోటా మొక్కలు: రుచి ఉండే రకం ఎట్లా ఎంచుకోవాలి

మదనపల్లి మార్కెట్‌ని పక్కలో పెట్టుకోని ఇంట్లో కుండీలో టమోటా పెంచేదేంది అని మా తిరుపతిలో చానామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ మార్కెట్‌కి వచ్చే కాయ చెన్నైకో ఢిల్లీకో లారీలో పోవాల్సిన కాయ, అందుకే రైతు తోలు గట్టిగా ఉండే హైబ్రిడ్ వేస్తాడు, రంగు తిరిగే టైంలోనే కోసి క్రేట్లో పెడతాడు, దారిలో నలిగితే నష్టపోయేది ఆయనే కాబట్టి అందులో ఆయన్ని అనేదానికి ఏం లేదు. చెట్టు మీదే పూర్తిగా పండి, కోసిన నిమిషానికే నోట్లోకి పోయే కాయ మాత్రం ఏ మార్కెట్లోనూ దొరకదు, దాని కోసమే ఈ పని.

ఇంకోటి ముందే చెప్పేస్తా. 2023 జులైలో మదనపల్లిలోనే కిలో 150 దాటినప్పుడు చానామంది కుండీలు కొన్నారు, ఇంటికి సరిపడా టమోటా పండిద్దామని. చిన్న మొక్కలతో అది జరగదు. ఒక మైక్రో మొక్క, అంటే అడుగు లోపలే ఆగిపోయే పొట్టి రకం, సీజన్ మొత్తానికి ఒక దోసిలి, బాగా చూసుకుంటే రెండు దోసిళ్ళ కాయలు ఇస్తుంది. పప్పులోకి, చారులోకి రోజూ వాడేదానికి బజారు టమోటానే కావాలి. ఇవి రుచి కోసం, పిల్లలు కోసుకోని తినేదానికి, పెరుగన్నంలో నంజుకునేదానికి, ఎప్పుడన్నా కొంచెం ఊరిబిండికి (రోటి పచ్చడికి).

మొదట రకం గురించి కాదు, మీ కిటికీ గురించి ఆలోచించండి. విత్తనం కొన్నాక చోటు వెతకడం కంటే చోటు చూసి విత్తనం కొనడం మేలు. తిరుపతి ఊర్లో కొండ మనకి ఉత్తరం పక్క కదా, అంటే కొండ బాగా కనపడే కిటికీ ఉత్తరం కిటికీ. మనకి ఆ కిటికీ ఎంత ఇష్టమైనా టమోటాకి పనికిరాదు, ఎందుకంటే టమోటా పండే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణంగా పోతాడు, ఉత్తరం కిటికీలోకి ఒక్క కిరణం కూడా నేరుగా రాదు. మే, జూన్‌లో వస్తుంది కానీ అప్పుడు వేడికి పూత నిలవదు. తూర్పు కిటికీ మంచిది, దక్షిణం ఇంకా మంచిది, చలికాలంలో మధ్యాహ్నం కూడా ఎండ లోపలికి వస్తుంది, సజ్జ మరీ ముందుకు లేకుంటే. పడమర కిటికీ కూడా చలికాలంలో పర్వాలేదు, మార్చి వస్తే అక్కడి నుంచి తీసేయాలి.

ఒక సెలవు రోజు పొద్దున 7 నుంచి సాయంత్రం దాకా గంటకోసారి ఆ కిటికీ దగ్గర చెయ్యి పెట్టి నీడ చూడండి, నీడ అంచు స్పష్టంగా పడితే అది ఎండ, మసగ్గా పడితే వెలుతురు మాత్రమే. నేరుగా ఎండ 5, 6 గంటలు వస్తే లైట్ లేకుండానే చిన్న రకాలు కాస్తాయి. 3 గంటలే వస్తే లైట్ తోడు పెట్టాలి. అసలు రాకపోతే మొత్తం లైట్ మీదే, అయినా భయపడాల్సిన పని లేదు, మన ఇళ్ళల్లో పెట్టుకునే 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లు రెండు, తెల్లటి 6500కే రకం, మొక్క కొసకి 6 నుంచి 8 అంగుళాల పైన కడితే చాలు. రోజుకి 15 గంటలు వెలిగిస్తే నెలకి 18 యూనిట్లు అవుతుంది, ఆ లెక్క చూసుకోని దిగండి. 24 గంటలూ మాత్రం వెలిగించొద్దు, టమోటాకి చీకటి కూడా కావాలి, లేకుంటే ఆకు పసుపు రంగుకి తిరిగి పాడవుతుంది.

ఇప్పుడు సైజు. నర్సరీలో చెర్రీ టమోటా అని చెప్పి ఇచ్చేది చానా వరకు తీగ రకం, కాయ చిన్నది గానీ మొక్క ఆరడుగులు దాటిపోతుంది, ఆగదు. సన్‌గోల్డ్, స్వీట్ 100 లాంటివి రుచిలో బ్రహ్మాండం అని అందరూ అంటారు, నిజమే, కానీ అవి మిద్దె మీద పందిరికి, హాల్లో కిటికీకి కాదు. కాయ చిన్నదైతే మొక్క చిన్నదని అనుకోవద్దు, ఈ రెండిటికీ సంబంధం లేదు.

ఇంటి లోపలికి కావాల్సింది మైక్రో డ్వార్ఫ్ అనే గుంపు. 15 నుంచి 30 సెంటీమీటర్లు పెరిగి ఆగిపోతాయి, కర్ర కట్టే పని లేదు, కొమ్మలు తుంచే పని లేదు, ఒకటి ఒకటిన్నర లీటర్ల కుండీ చాలు. వీటి పైన మామూలు డ్వార్ఫ్ అని ఇంకో గుంపు ఉంది, అవి రెండు నుంచి నాలుగు అడుగులు వస్తాయి, కాండం లావుగా ఉంటుంది, బాల్కనీ ఉండి 15, 20 లీటర్ల బకెట్ పెట్టుకోగలిగితే అవి తీసుకోండి. ఈ డ్వార్ఫ్‌లలో రుచి కోసమే పనిగట్టుకోని కొత్త రకాలు తయారుచేసిన వాళ్ళున్నారు, అమెరికాలో క్రెయిగ్ లెహూలియర్, ఆస్ట్రేలియాలో పట్రీనా నస్కే స్మాల్ 2005, 2006 ప్రాంతంలో మొదలుపెట్టి, పాత రుచికరమైన పెద్ద టమోటాలని పొట్టి మొక్కలతో క్రాస్ చేసి, రెండు దేశాల్లో మామూలు ఇళ్ళల్లో తోటలు పెంచుకునేవాళ్ళతోనే ఎంపిక చేయించారు. రోసెల్లా పర్పుల్, టాస్మానియన్ చాక్లెట్ అట్లా వచ్చినవే. బాల్కనీలో ఆరు గంటల ఎండ ఉంటే నా మొదటి సలహా అవే, ఎందుకంటే రుచి విషయంలో మైక్రోలు వాటితో పోటీ పడలేవు. ఇది బాధగా ఉన్నా నిజం, చోటు లేనివాళ్ళకే మైక్రోలు.

ఎందుకు పోటీ పడలేవో తెలిస్తే రకం ఎంచుకోవడం సులభం అవుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. టమోటా రుచి అంటే తీపి, పులుపు, వాసన, ఈ మూడూ కలిస్తేనే. తీపి కాయలో పుట్టదు, ఆకులో తయారై కాయకి పోతుంది. పొట్టి మొక్కకి ఆకు తక్కువ, కాయలు మాత్రం గుత్తులుగా వేస్తుంది, ఉన్న కొంచెం చక్కెర అన్నిటికీ పంచాలి. వెలుతురు కూడా తక్కువైతే ఇంక కాయలో నీళ్ళే. అందుకే ఒకే రకం ఒకరింట్లో చప్పగా, ఇంకొకరింట్లో కమ్మగా వస్తుంది, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. రకం ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే పొట్టిది, అన్నిటికంటే ఎక్కువ కాయలు కాసేది అని వెతక్కండి. ఆకు నిండుగా ఉండి, కాయలు మధ్యస్తంగా కాసే రకం వెతకండి.

మైక్రో టామ్ పేరు అందరికంటే ముందు వినపడుతుంది. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు 1989లో ఇచ్చారు, ఆరేడు అంగుళాలకి మించదు, ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో టమోటా మీద పరిశోధనకి దాన్నే వాడతారు, త్వరగా కాస్తుంది, చోటు పట్టదు కాబట్టి. కానీ దాన్ని అలంకారం మొక్కగా తయారుచేశారు, తినేదానికి కాదు. బల్ల మీద ముద్దుగా ఉంటుంది, కాయ చప్పగా ఉంటుంది. రుచి కావాలంటే అది వద్దు.

రెడ్ రాబిన్ సులభంగా దొరుకుతుంది, మొండిది, మొదటిసారి పెంచేవాళ్ళని నిరాశ పెట్టదు. రుచి మెత్తగా, కొంచెం తియ్యగా ఉంటుంది, పులుపు తక్కువ. చిన్నపిల్లలు ఇష్టంగా తింటారు. మన చిత్తూరు నాలుకకి మాత్రం అది చాలదు, నాటు టమోటా పులుపు అలవాటైన నోళ్ళు మనవి, చింతపండు లేకుండా నాటు టమోటాతోనే పప్పు చేసుకున్నవాళ్ళం.

ఆ పులుపు కావాలంటే టైనీ టిమ్ చూడండి. 1945 నాటి రకం, అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ యూనివర్సిటీది. మైక్రోల కంటే కొంచెం పొడుగు, అడుగు దాటి అడుగున్నర దాకా వస్తుంది, కాబట్టి రెండు మూడు లీటర్ల కుండీ ఇవ్వండి. ఎర్రటి చిన్న కాయ, తీపితో పాటు పులుపు కూడా తెలుస్తుంది. నా లెక్కలో మన వంటింటికి దగ్గరగా వచ్చే చిన్న టమోటా ఇదే. పసుపు రంగులో హామ్స్ గెల్బే అని జర్మనీ రకం ఉంది, రసం ఎక్కువ, కొంచెం పుల్లగా ఉంటుంది, అదీ బాగుంటుంది. పులుపు వద్దు తీపే కావాలనుకుంటే అజ్టెక్, అది కూడా పసుపే. ఆరెంజ్ రంగులో వీనస్, ఎరుపులో మొహమ్మద్ అనే రకం, రెండూ తీపి పులుపు సమానంగా ఉంటాయి, మొహమ్మద్ మొక్క బంతిలాగా గుండ్రంగా పెరుగుతుంది కాబట్టి ఇరుకు కిటికీకి బాగా కుదురుతుంది.

పసుపు కాయలన్నీ పులుపు తక్కువ అనే మాట నమ్మొద్దు. రంగు చూసి పులుపు చెప్పలేం, రకాన్ని బట్టే.

మొదటిసారి అయితే రెండు రకాలు తీసుకోండి, ఒకటి పుల్లనిది ఒకటి తియ్యనిది, టైనీ టిమ్‌తో పాటు వీనస్ అనుకోండి. ఐదారు రకాలు ఒకేసారి వేస్తే వెలుతురు సరిపోక అన్నీ సగం సగం అవుతాయి.

విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ మీద రకం పేరు ఉందా అని చూడండి, ఊరికే మినీ టమోటా, బోన్సాయ్ టమోటా, బాల్కనీ టమోటా అని ఉంటే అది పేరు కాదు, ఏం మొలుస్తుందో ఎవరికీ తెలియదు. నీలం, ఇంద్రధనుస్సు రంగుల ఫొటోలు పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర అసలు కొనొద్దు. మొక్క ఎత్తు సెంటీమీటర్లలోనో అంగుళాల్లోనో రాసి ఉండాలి. హైబ్రిడ్ కాకుండా ఓపెన్ పాలినేటెడ్ అని ఉంటే ఇంకా మేలు, దాని గింజలు దాచుకోని విత్తినా అదే రకం వస్తుంది కాబట్టి ఒకసారి కొంటే మళ్ళీ కొనే పని లేదు. నేను పైన చెప్పిన మైక్రోలన్నీ అట్లాంటివే.

మొలిచినాక నిజంగా పొట్టి రకమేనా అని కనుక్కునేదానికి ఒక గుర్తు ఉంది. మొదటి అసలు ఆకులు వచ్చేసరికి పొట్టి రకం ఆకు ముదురు పచ్చగా, మందంగా, ముడతలు ముడతలుగా ఉంటుంది, ఆకుకీ ఆకుకీ మధ్య కాండం దాదాపు కనపడదు. తీగ రకం నారు లేతాకుపచ్చగా, సాఫీగా, పొడుగ్గా లేస్తుంది. వెలుతురు తక్కువైతే ఏ నారైనా సాగుతుంది కాబట్టి ఎత్తు ఒక్కటే చూడకుండా ఆకు చూడండి. నర్సరీలో తెచ్చుకునేటప్పుడు కూడా ఇదే చూడండి, ఆకు తిప్పి అడుగున తెల్లదోమ ఉందేమో కూడా చూడండి, కొస ఆకులు ముడుచుకోని గిన్నెలాగా అయ్యుంటే ఆకుముడత వైరస్, దానికి మందు లేదు, ఆ మొక్కే కాదు, దాని పక్కన ఉన్నదీ తీసుకోవద్దు.

ఎప్పుడు విత్తాలి? లోపల పెంచినా తిరుపతి వేడి నుంచి తప్పించుకోలేం. పగలు 32, 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కిందికి దిగకపోతే పుప్పొడి పాడైపోతుంది, పూలు వస్తాయి, రాలిపోతాయి, మొక్క మాత్రం ఆరోగ్యంగా ఉంటుంది, మనకేమో ఎందుకో అర్థం కాదు. విత్తనం నుంచి పండుకి మైక్రోలకి దగ్గర దగ్గర 90 రోజులు. లైట్ ఉన్నవాళ్ళు ఆగస్టు ఆఖర్లో విత్తుకోవచ్చు. కిటికీ ఎండ మీదే ఆధారపడేవాళ్ళు సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ వరకు ఆగండి, ఎందుకంటే అక్టోబర్, నవంబర్‌లో మనకి ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, వారాల తరబడి మబ్బు, 2021 నవంబర్‌లో తిరుపతి ఎట్లా మునిగిందో చూశాం కదా. ఆ మబ్బు రోజులు మొక్క చిన్నగా ఉన్నప్పుడే గడిచిపోయి, కాయ పండే టైంకి జనవరి, ఫిబ్రవరి ఎండ రావాలి. పలమనేరు, కుప్పం, మదనపల్లి వాళ్ళకి ఎత్తు వల్ల చల్లదనం ఉంది, జనవరిలో విత్తినా నడుస్తుంది.

మట్టి గురించి ఎక్కువ చెప్పను. కోకోపీట్ సగం, వర్మీకంపోస్ట్ పావు, ఎర్రమట్టి ఇసుక కలిపి పావు, ఒక పిడికెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకని నానబెట్టి రెండు మూడు సార్లు మంచినీళ్ళతో కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. కుండీకి అడుగున రంధ్రం ఉండాలి, కింద ప్లేట్లో నీళ్ళు నిలబడి ఉండకూడదు, అంతే.

విత్తనం అర సెంటీమీటర్ లోతు, వారం లోపల మొలుస్తుంది. మొలక కనపడిన రోజు నుంచే వెలుతురు పూర్తిగా ఇవ్వాలి, ఆ మొదటి పది రోజుల్లో సాగిపోతే తర్వాత సరిచేయడం కష్టం. నాలుగు ఆకులు వచ్చాక అసలు కుండీలోకి మార్చండి, ఒక కుండీకి ఒకే మొక్క.

ఎరువు రుచిని చెడగొట్టగలదు కాబట్టి ఇక్కడ జాగ్రత్త. పూత వచ్చేదాకా నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటర్‌కి ఒక గ్రాము, పది రోజులకోసారి. పూత మొదలైనాక నత్రజని తగ్గించి పొటాష్ ఎక్కువ ఉండే 13:0:45 అదే మోతాదులో. పొటాష్ తక్కువైన కాయ పుల్లగా కూడా ఉండదు, తియ్యగా కూడా ఉండదు. యూరియా జోలికి పోవద్దు.

నీళ్ళు వేలు పెట్టి చూసి పోయండి, పై అంగుళం ఆరితేనే. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచితే కాయ అడుగు నల్లగా కుళ్ళుతుంది, చానామంది కాల్షియం లేదని గుడ్డు పెంకులు వేస్తారు, కానీ మన బోరు నీళ్ళల్లో కాల్షియానికి కొదవ ఉండదు, నీళ్ళు ఒక పద్ధతిగా అందకపోతే ఆ కాల్షియం కాయకి చేరదు, అసలు కారణం అది. బోరు నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి, లేకుంటే నెలకోసారి మంచినీళ్ళు ఎక్కువగా పోసి అడుగు నుంచి కారనివ్వండి.

ఇంటి లోపల తేనెటీగ రాదు, గాలి కూడా తక్కువ. టమోటా పువ్వు తనంతట తానే ఫలదీకరణ చేసుకుంటుంది కానీ పుప్పొడి రాలేదానికి ఒక కదలిక కావాలి. పొద్దున 9, 11 మధ్యలో పూల గుత్తి వెనక కొమ్మని వేలితో టకటకా కొట్టండి, బ్యాటరీతో నడిచే టూత్‌బ్రష్ ఉంటే దాని వెనక వైపు ఆనించండి ఇంకా బాగుంటుంది. రోజు విడిచి రోజు చేస్తే చాలు. ఇది వదిలేస్తే పూలు రాలి, వేడి అనో ఎరువు అనో వెతుక్కుంటారు.

పురుగుల్లో ఇంట్లో ఎక్కువగా వచ్చేవి తెల్లదోమ, ఎర్రనల్లి. పసుపు జిగురు అట్ట ఒకటి కుండీలో గుచ్చి పెట్టండి, వారానికోసారి ఆకు అడుగున వేపనూనె లీటర్‌కి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. ఇంట్లో ఎవరికన్నా బీడీ, ఖైనీ అలవాటు ఉంటే చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మొక్క ముట్టుకోమనండి, పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా వస్తుంది.

కాయలు కట్టినాక రుచి కోసం రెండు పనులు. గుత్తిలో కొసన ఆలస్యంగా వచ్చిన పిందెలు గిల్లేయండి, మనసొప్పదు గానీ మిగిలిన కాయలకి చక్కెర దొరుకుతుంది. కాయ రంగు తిరిగేది మొదలైనాక నీళ్ళు కొంచెం తగ్గించండి, మొక్క వాడేదాకా కాదు, మామూలుగా పోసేదానికి ఒక పూట ఆలస్యం చేయండి. కాయ మొత్తం రంగు వచ్చాక కూడా రెండు మూడు రోజులు చెట్టు మీదే ఉంచండి, తొడిమ దగ్గర చేత్తో తాకితే ఊడి వచ్చేంత పండాలి.

కోసిన కాయ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 12 డిగ్రీల కిందికి పోతే వాసన ఇచ్చే పదార్థాలు తయారు చేసే జీన్లు ఆగిపోతాయి, ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు 2016లో ఇది చూపించారు, బయట పెట్టినా పోయిన వాసన పూర్తిగా తిరిగిరాదు. గిన్నెలో వేసి వంటింట్లో నీడలో పెట్టుకోండి.

రెండు రకాలూ పండినాక ఇంట్లో వాళ్ళందరికీ పేరు చెప్పకుండా ఇచ్చి తినిపించండి, ఉప్పు లేకుండా ఒకటి, చిటికెడు ఉప్పుతో ఒకటి. మొదటి గుత్తి కాయల్ని బట్టి తీర్పు చెప్పొద్దు, అప్పటికి మొక్కకి ఆకు సరిగ్గా ఉండదు, రెండో మూడో గుత్తి నుంచి వచ్చేదే అసలు రుచి. అందరికీ నచ్చిన మొక్కలో బాగా పండిన రెండు మూడు కాయలు పిండి, గింజల్ని రసంతో పాటే గాజు గ్లాసులో రెండు రోజులు పులియబెట్టండి, పైన తెల్లటి పొర కట్టి కంపు వస్తుంది, అది రావాల్సిందే, గింజ చుట్టూ ఉండే జిగురు పోయేది అప్పుడే. జల్లెడలో కడిగి నీడలో ప్లేటు మీద ఆరబెట్టండి, కాగితం మీద వద్దు, అంటుకుపోతాయి. టమోటా పువ్వు తన పుప్పొడితోనే కడుతుంది కాబట్టి పక్కపక్కన పెట్టిన రెండు రకాలు ఇంట్లో దాదాపు కలవవు, వచ్చే ఏడు అదే రుచి వస్తుంది. కవర్ మీద రకం పేరు, నెల రాసి, ఈ గింజల్ని మాత్రం మూత గట్టిగా ఉండే సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, నాలుగైదేళ్ళు మొలుస్తాయి, పక్కింటి అక్కకి కూడా ఓ పది ఇవ్వొచ్చు.